మగ్గం ఆడినంతసేపు

ఎమ్మిగనూరు,
27 ఏప్రిల్ 2025

అక్కా,

మీ మరిది ఈ కాగితం నీ చేతికిచ్చి, తన వెనకాల నిలబడినదాన్ని కూడా నీకే అప్పజెబుతాడు. ఇద్దరికీ మజ్జిగ పోసి, ఆయన్ని బస్సెక్కించి, తర్వాత తీరిగ్గా చదువు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. చెప్పినా నీకు వినబడదు. ఆ చెవి మిషన్ ఇంకా బీరువాలోనే ఉందా? పెట్టుకుంటే ఈల వేస్తుందని నువ్వు, పెట్టుకోకపోతే తాను ఈల వేసి పిలవాల్సి వస్తోందని బావ. మీ పంచాయితీ తెగేదాకా నాకు ఉత్తరాలే గతి.

రమణిని ఈ సెలవుల్లో నీ దగ్గర ఉంచుకోవాలక్కా. నీకు తెలుసు కదా, మహేశుకి మూడున్నరేళ్ళు దాటాయి. ఇంతవరకు వాడి నోట ఒక్క మాట లేదు. కర్నూలు తీసుకుపోయి చెవులు చూపించాను. నీ చెవులు గుర్తొచ్చి, ఆ గది బయట కూర్చున్నంతసేపూ నాకు ప్రాణం లేదనుకో. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఇంట్లో బాగా మాట్లాడించండి అన్నారు. వాడు నోరు తెరిస్తే కదా మాట్లాడించేది! వాడి నోరంతా రమణి దగ్గరే ఉంది. దాహమైతే దానివైపు చూస్తాడు, "వానికి నీళ్ళంట" అంటుంది. కడుపు నొప్పయితే దాని చెయ్యి లాగుతాడు, "వానికి కడుపులో నొస్తాందంట" అంటుంది. ట్యూషన్ చెప్పే శివకుమారి ఒక్కటే మాటంది: "అక్క నోరుండేవరకు వాడు తన నోరు తెరవడు లీలా. కొన్నాళ్ళు ఇద్దర్నీ దూరం పెట్టు."

జూన్ పద్నాలుగున వాడికి ఇంగ్లీషు మీడియం బడిలో ఇంటర్వ్యూ. రమణి చదివే బడే. పిల్లాడు నోరు విప్పకపోతే వేరే బడి చూసుకోమంటారు. నా మగ్గం మీద కూర్చుని వాడు కూడా నడుము వంచుకోవాలా చెప్పు.

ఒక్కటి మాత్రం గట్టిగా చూసుకో. దానితో కన్నడం మాట్లాడొద్దు. రెండు భాషలైతే పిల్లల నాలుక మెలికపడుతుందని మూడేళ్ళ కిందటే మా ఇంట్లో ఆ భాష మానేశాం. మీ ఇంట్లో తరాలుగా తెలుగే కాబట్టి నీకు కష్టం లేదు. తమ్ముడితో ఫోన్లో కూడా మాట్లాడనీయకు, మళ్ళీ మొదటికొస్తుంది.

నీ దగ్గరికి పోవాలంటే అది ఏడవలేదు. నాకే ఏదోలా ఉంది.

నీ లీల

కమలాపురం,
3 మే 2025

ఏమ్మే లీలా,

నీ ఉత్తరం అందింది, నీ కూతురూ అందింది. నీ మొగుడు హనుమేష్ మజ్జిగ తాగి, "వస్తానొదినా" అని నాలుగుసార్లు అరిచి పోయాడు. నాకు మొదటిసారే అర్థమైంది, కానీ పాపం ఆయన సరదా ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను.

నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది. పెళ్ళికి రమ్మంటే రావు, పేరంటానికి రమ్మంటే రావు, పిల్లను మాత్రం ఒక సంచి తగిలించి పంపావు. ఇంట్లో ఏదో గొడవ అనుకున్నాను. అత్తతో పడడం లేదా? హనుమేష్ ఆటో సరిగ్గా నడుస్తోందా? "మా చెల్లెలు ఏదో దాస్తాంది" అని మీ బావతో అంటే ఆయన నా చెవి దగ్గరికొచ్చి, "నీకన్నీ అనుమానాలే! ముందు పిల్లకు బువ్వ పెట్టు" అని గర్జించాడు. పెట్టాను.

పిల్ల బంగారం. నాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి నిలబడి, నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, ఒక్కో మాటా నెమ్మదిగా చెబుతుంది. ఎవరు నేర్పారే అంటే "మహేశుకు ఇట్లనే చెప్తా పెద్దమ్మా" అంది. ఎదురింటి ముస్లిం పిల్లలతో జత కట్టింది. వారం కాలేదు, "ఇదర్ ఆవ్" అని వాళ్ళను పిలవడం మొదలుపెట్టింది. రెండు భాషలకే నీ కొడుకు నాలుక మెలికపడితే, నీ కూతురికి మూడోది ఎట్లా వస్తోందే?

ఒక తమాషా చెప్పనా. మూడో రోజు ఇల్లంతా వెతికి వచ్చి, "పెద్దమ్మా, మీ ఇంట్లో మగ్గం యాడుండాది?" అని అడిగింది. మాకు మగ్గం ఎక్కడిదే, పెదనాన్నది చీరల అంగడి కదా అన్నాను. "మగ్గం ల్యాకుంటే మీరు ఎట్ల మాట్లాడుకుంటారు?" అంది. నాకు నవ్వాగలేదు. నాకు చెవుడు తల్లీ, మగ్గం ఉన్నా లేకున్నా నాకొకటే అన్నాను. అది మాత్రం నవ్వలేదు.

సాయంత్రమైతే పడకగదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఏదో జపం చేసుకుంటుంది. వెనక నుంచి దవడలు కదలడం చూశాను. నేను పోతే ఆపేస్తుంది. ఈ భక్తి నీ వైపు నుంచి మాత్రం వచ్చుండదు.

మీ అత్తను అడిగినట్టు చెప్పు.

చౌడక్క

ఎమ్మిగనూరు,
9 మే 2025

అక్కా,

నువ్వు ఉత్తరంలో కూడా అరిచినట్టే రాస్తావు. చదువుతుంటే నీ గొంతు వినబడి నవ్వొచ్చింది. ఈ మధ్య నవ్విందే లేదు.

ఇంట్లో గొడవేమీ లేదు. దాస్తున్నదీ ఏమీ లేదు. అందరం బాగున్నాం, ఒక్క మహేశు తప్ప. మొదటి రెండు రోజులు అక్క కోసం ఇల్లంతా వెతికాడు. తర్వాత మా మామ మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. మామ పోయాక ఆ మగ్గం విప్పేసి కర్రలు అటక మీద పెట్టాం కదా, కాళ్ళు దించుకునే గుంట మాత్రం అట్లాగే ఉండిపోయింది. నా మగ్గానికి రెండు బారల దూరం. పొద్దస్తమానం వాడు అందులోనే. అన్నం కూడా గుంటలోకే అందించాల్సి వస్తోంది, అదీ సగం తిని వదిలేస్తాడు. మొదట్లో అట్లే ఉంటాది, కడుపు మాడితే నోరొస్తాది అంటుంది శివకుమారి.

నేను ఊరుకోలేదు. బొమ్మల అట్టలు కొన్నాను. రెండు గజాలు నేసి మగ్గం ఆపి, గుంట అంచున కూర్చుని "మాట్లాడు మహేశూ, యాపిల్ అను" అంటాను. వాడు నా చేతులవైపు చూస్తాడు, అట్టవైపు కాదు. మా అత్త నూలు కండెలు చుట్టుకుంటూ చూస్తూ ఉంటుంది. మంచీ అనదు, చెడ్డా అనదు. ఆమె పిల్లలతో మాట్లాడడం మానేసి చాలా రోజులైంది. వయసు కదా.

రమణి జపం మంచిదే. అదే నోటితో ఇంగ్లీషు రైమ్స్ కూడా చదవమను. ఇంకో మాట, కోప్పడవద్దు. జూన్‌లోపల వీడికి మాట రాకపోతే దాన్ని ఈ ఏడాదికి అక్కడే బడిలో చేర్పించగలవా? బావను అడిగి రాయి. కన్నపిల్లను దూరం పెట్టుకోవాలని ఏ తల్లికీ ఉండదక్కా. కానీ ఒకరి కోసం ఒకరు సర్దుకోవాలి.

నీ లీల

కమలాపురం,
15 మే 2025

లీలా,

కూర్చుని చదువు. నీ కూతురు చేసేది జపం కాదు.

మొన్న బీరువాలో చీర తీస్తుంటే దాని అద్దంలో పిల్ల ముఖం కనబడింది. గోడవైపు తిరిగితే ఎవరికీ కనబడనని అనుకుంది, అద్దాన్ని మర్చిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పెదవులు చూసి బతుకుతున్నదాన్ని. మొదట అర్థం కాలేదు. తెలుగు అనుకుని చూస్తున్నాను కదా. ఆ తర్వాత "గుబ్బి" అని కనబడింది, "కాగె" అని కనబడింది. అమ్మ మనకు చెప్పిన పిచ్చుక కాకి కథ, లీలా! కన్నడంలో. కాకి ఇల్లు వానకు కొట్టుకుపోయి పిచ్చుక తలుపు కొడుతుందే, అది. ఆ భాష మనిషి పెదవుల మీద చూసి నాకు ఎన్నేళ్ళయిందో. చీర చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను.

నన్ను చూడగానే రెండు చేతులతో నోరు మూసుకుంది. "అమ్మకు చెప్పొద్దు పెద్దమ్మా" అని బతిమాలింది. ఒడిలో కూర్చోబెట్టుకుని అడిగితే అంతా చెప్పింది. బడి నుంచి రాగానే అక్కాతమ్ముళ్ళిద్దరూ మీ మామ గుంటలోకి దిగుతారంట. నీ మగ్గం ఆడినంతసేపు మాట్లాడుకుంటారంట. "మగ్గం ఆగితే నోరు మూసుకోవల్ల. అది మా రూలు" అంది. మహేశు మాట్లాడతాడా అని అడిగాను. "శానా మాట్లాడతాడు. నన్నే మాట్లాడనియ్యడు" అంది.

మరి ఇక్కడ ఒక్కదానివే ఎవరికి చెబుతున్నావే ఆ కథ అంటే, "ఇంటికి పొయ్యేలోపల నేను మర్చిపోతే వానికి ఎవరు చెప్తారు?" అంది.

నీ కొడుకు మూగవాడు కాదే తల్లీ. నువ్వు వినకూడదని ఆగుతున్నాడు, అంతే. ఎనిమిదేళ్ళ పిల్ల ఎవరికీ తెలియకుండా తమ్ముడికి మాటలు పెట్టి పెంచుతుంటే, దాని వల్లే వాడికి మాట రాలేదని ఊరు దాటించావు. ఇక్కడ బడిలో చేర్పించడమా? వెంటనే వచ్చి పిల్లను తీసుకుపో.

చౌడక్క

ఎమ్మిగనూరు,
20 మే 2025

అక్కకు,

నీ ఉత్తరం అందింది.

అది అబద్ధాలాడుతోంది. ఇంటికి రావాలని నాటకం. నువ్వు నమ్మేశావు. నేను ఇంట్లో ఉన్నదాన్ని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడికి రెండు బారల దూరంలో కూర్చునేదాన్ని. నీ మాట కూడా కొట్టెయ్యకుండా పరీక్ష చేశాను. నేస్తూ నేస్తూ చటుక్కున మగ్గం ఆపి చెవులు రిక్కించాను. ఒకసారి కాదు, రోజుకు పదిసార్లు. చీమ చిటుక్కుమంటే వినబడే నిశ్శబ్దం. వాడు గుంటలో కాళ్ళు ముడుచుకుని నావైపు చూస్తూ ఉన్నాడు. మాట్లాడేవాడు అక్క పోయాక మాత్రం ఎందుకు మానేస్తాడు?

కన్న తల్లికి వినబడనిది, చెవులు లేనిదానివి నీకెట్లా వినబడిందక్కా?

కన్నడం వద్దని నేనే అన్నాను, ఒప్పుకుంటున్నాను. ఆ భాషతో ఎక్కడికి పోతారు? ఈ ఊళ్ళో మగ్గం గుంట దాకా పోతారు. బడిలో నలుగురిలో నవ్వులపాలైతే ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. నాకు తెలుసు.

దాన్ని ఇప్పుడే పంపొద్దు.

లీల

కమలాపురం,
25 మే 2025

లీలా,

చెవులు లేనిదాన్నే. నువ్వు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మీ బావకు నీ ఉత్తరం చూపించలేదు.

నాకు పదేళ్ళప్పుడు జ్వరం వచ్చి చెవులు పోతే, అమ్మా నాన్నా నాతో మాట తగ్గించారు. అరవాలి కదా, విసుగు. నీకప్పుడు ఆరేళ్ళు. నా గడ్డం పట్టుకుని నీవైపు తిప్పుకుని ప్రతి మాటా నాకు చెప్పేదానివి. ఇంట్లో మాట కన్నడంలో, బడిలో అయ్యవారి మాట తెలుగులో. నేను ఈ నాలుగక్షరాలు రాస్తున్నానంటే నీ నోటి పుణ్యం. "ఈ లీల ఉంటే పెద్దది వినడం నేర్చుకోదు" అని నిన్ను ఎవరూ ఏ ఊరికీ పంపలేదు. పంపి ఉంటే నేనేమయ్యేదాన్నో ఒక్కసారి ఆలోచించు.

నీ పరీక్ష సంగతి. మగ్గం ఆగితే నోరు మూసుకోవాలని వాడికి నేర్పి ఉంటే, నువ్వు మగ్గం ఆపి ఏం వింటావే పిచ్చిదానా? మగ్గం ఆడుతుండగా విను.

ఇక నేను రాయను.

చౌడేశ్వరి

ఎమ్మిగనూరు,
31 మే 2025

అక్కా,

ఏ ముఖంతో నిన్ను అక్కా అని పిలవాలో తెలియడం లేదు. రాయనన్నావు, చదవనని మాత్రం అనలేదు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

నువ్వన్నట్టు మగ్గం ఆడుతుండగా వినాలంటే నేను మగ్గం మీద ఉండకూడదు. ఇంట్లో నేత తెలిసిన మనిషి ఇంకెవరు? మా అత్త. మోకాళ్ళ నొప్పులతో ఆమె మగ్గం ఎక్కి ఆరేళ్ళయింది. "అత్తా, కొంచేపు నా చోట కూర్చుంటావా?" అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. కండె పక్కన పెట్టి, గోడ పట్టుకుని, నా మగ్గం గుంటలోకి కాళ్ళు దించింది. నేను బజారుకు పోతున్నానని గట్టిగా చెప్పి, వీధి తలుపు చప్పుడు చేసి, చెప్పులు చేతపట్టుకుని, మామ గుంటను ఆనుకుని ఉన్న నూలు మూటల వెనక నక్కాను. నా ఇంట్లో నేనే దొంగలా.

అత్త నేయడం మొదలుపెట్టింది. టకటకమని నాలుగు పోగులు పడ్డాయో లేదో, గుంటలోంచి గొంతు వినబడింది. "అక్కా, ఎల్లి హోది? బా" అన్నాడు. ఎక్కడికి పోయావు, రా అని. నా కొడుకు గొంతు ఎట్లా ఉంటుందో నాకు అంతవరకు తెలియదక్కా. కొంచెం బొంగురుగా ఉంది, మా మామ గొంతులాగా. అక్క లేకపోయినా వాడు అక్కతో మాట్లాడుతున్నాడు. పిచ్చుక కాకి కథ మొదటి నుంచీ చెప్పాడు. పిచ్చుకకు సన్నగొంతు, కాకికి లావుగొంతు. మధ్యలో ఒకసారి ఆపి, "మాట్లాడు మహేశూ, యాపిల్ అను" అన్నాడు. తెలుగులో, నా గొంతుతో, నేను విసుక్కున్నట్టే. మూటల వెనక నా నోట్లో కొంగు కుక్కుకున్నాను.

వాడు నిద్రపోయేదాకా అత్త మగ్గం ఆపలేదు. ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. "అత్తా, ఇది నీకు ముందే తెల్సా?" అన్నాను. "తెల్సు" అంది. "మరి నాకొక్క మాట చెప్పొచ్చు గదా!" అన్నాను. అత్త నా ముఖంలోకి చూసి తెలుగులోనే అంది: "నేను పక్కింటామెను గదమ్మా. మీ ఇంటి సంగతి నేనెట్ల చెప్పేది?"

దాస్తున్నావని నువ్వు మొదటి ఉత్తరంలోనే పట్టుకున్నావు. ఇదే అది. మీ మరిదికి కూడా తెలియదు. మూడేళ్ళ కింద రమణి ఇంటర్వ్యూకి ఆయనకు ఆటో బాడుగ తగిలి, నేనూ అత్తా పోయాం. మహేశు ఏడు నెలలవాడు, అత్త ఎత్తుకుంది. రమణి మేడమ్ అడిగినవన్నీ చక్కగా చెప్పి, వెనక్కి తిరిగి "అజ్జీ, నీరు కొడు" అని నాయనమ్మను నీళ్ళడిగింది. అత్త "బా కందా", రా బిడ్డా అని నీళ్ళ సీసా తీసింది. మా తర్వాత కూర్చున్న వాళ్ళు కిసుక్కున నవ్వారు. మేడమ్ కళ్ళజోడు సవరించుకుని, "ఇంట్లో ఏం భాష మాట్లాడతారు? ఈమె ఎవరు?" అంది. అత్త చీర నేతచీరే, మోచేతి దగ్గర చిరిగి కుట్టిన రవికె. నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో వచ్చేసింది: "తెలుగే మేడమ్. ఆమె పక్కింటామె. పసిపిల్లోన్ని ఎత్తుకోను తోడొచ్చింది."

అత్త సీసా మూత తీసి పిల్లకు నీళ్ళు తాగించింది. ఆటోలో ఇంటికొచ్చేదాకా మహేశును ఎత్తుకునే ఉంది. ఆ రోజు నుంచి కన్నడం వద్దని నేను హుకుం వేశాను, ఆ రోజు నుంచి ఆమె పిల్లలతో మాట్లాడడం మానేసింది. వయసు అని నీకు రాశాను చూడు. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికిన మనిషికి ఆ పాటి తెలుగు అర్థం కాలేదేమోనని మూడేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోతున్నానక్కా. అత్త ఎదురుగా వస్తే తల ఎత్తలేకపోతున్నాను.

నీ చెవుల గురించి రాసిన మాటను ఆ కాగితం నుంచి చింపి పారెయ్యి.

లీల

కమలాపురం,
5 జూన్ 2025

లీలా,

చింపలేదు. దాచాను. ఎప్పుడైనా నువ్వు మళ్ళీ పెద్ద పెద్ద మాటలు చెబితే తీసి చూపిస్తాను.

నిన్ను ఓదార్చాలని నాకేమీ లేదు. సిగ్గుపడాల్సిన పనే చేశావు, పడు. అయితే తలవంచుకుని తిరిగితే అత్తకు ఏం ఒరుగుతుంది? ఆమెకు నీ వంచిన తల అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు వేరే ఉంది. ఇంటికి పోదువు గానీ అని చెబితే రమణి సంచి తీసి దాచేసింది. "నేను పోతే మహేశుకు మాటలు రావంట గదా పెద్దమ్మా. శివకుమారి టీచర్ అమ్మకు చెప్తాంటే ఇన్నా. వానికి నోరొచ్చినాంక పోతా" అంది. పోవాలంటే ఏడవలేదని రాశావే, ఎందుకు ఏడవలేదో ఇప్పుడు తెలిసిందా? తమ్ముడి కోసం వచ్చిందది. వాడికి నోరుందని దానికంటే బాగా ఎవరికి తెలుసు? అయినా పెద్దవాళ్ళు అన్నారంటే తనదే తప్పనుకుంది.

హనుమేష్‌ను పంపితే రాదు. నువ్వే రా. మహేశును తీసుకుని రా.

చౌడక్క

ఎమ్మిగనూరు,
12 జూన్ 2025

అక్కా,

మేము క్షేమంగా చేరాం. బావ కట్టిచ్చిన చిత్రాన్నం ఎర్రగుంట్ల దాటకముందే అయిపోయింది.

మీ వాకిట్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి, నావైపు ఒకసారి, ఒకరివైపు ఒకరు ఒకసారి చూసుకుంటూ నోరు తెరవకుండా ఉన్నారే, అప్పుడు నేను బతికి ఉండడం దండగ అనిపించింది. నువ్వు వంటింట్లోకి ఉరికి గ్రైండర్ వేశావు చూడు! పిండి లేదు, పప్పు లేదు, ఉత్త రాళ్ళు గరగరమంటుంటే, ఆ చప్పుడులో ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకున్నారు. బావ కరెంటు బిల్లు అని గొణిగితే నీకు వినబడలేదు. అదృష్టవంతురాలివి.

బస్సు రొదలో దారి పొడుగునా మాటలే. నేను కిటికీవైపు తిరిగి వింటూ వచ్చాను. ఆదోని దాటాక నేనే రెండు కన్నడం మాటలు కలిపాను. మహేశు ఆగిపోయాడు. రమణి నన్ను చూసి, వాడి చెవిలో ఏదో చెప్పింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడు, కొంచెం నెమ్మదిగా. ఇంత చాలనుకున్నాను. ఇక అంతా సర్దుకుందనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. భీమక్క తెలుసు కదా, మా వీధి చివర ఇల్లు, ఆమె కూడా ఉంది. పిల్లాడికి మాటొచ్చిందని మీ మరిది అప్పటికే వీధంతా చాటాడు. "ఏమప్పా మహేశప్పా, మాటలొచ్చినాయంట! యాదీ, ఒక మాట చెప్పు సూస్తాం. ఈమె ఎవరు?" అని అత్తను చూపించింది.

మహేశు నిటారుగా నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. మగ్గం చప్పుడు లేదు, బస్సు లేదు, గ్రైండర్ లేదు. అందరికీ వినబడేటట్టు తెలుగులో చెప్పాడు: "ఆమె పక్కింటామె. పసిపిల్లోన్ని ఎత్తుకోను తోడొచ్చింది."

ఒక్క అక్షరం తప్పు పోలేదక్కా. నా మాటలు నాకే అప్పజెప్పాడు.

భీమక్క నవ్వింది, పిల్లోడి తమాషా అనుకుని. రమణి మాత్రం సంతోషంగా నావైపు చూసింది, మెచ్చుకుంటానని. "బాగా చెప్పినాడు గదమ్మా? రోజూ పలికిచ్చినా. ఇంటర్వ్యూలో అజ్జి ఎవరని అడుగుతారు గదా" అంది.

దాన్ని లోపలికి తీసుకుపోయి ఎదురుగా కూర్చున్నాను. "అది అబద్ధం రమణీ. ఆ దినం నేను అబద్ధం చెప్పినా" అన్నాను. కన్నడంలోనే అన్నాను. అది నన్ను వింతగా చూసింది. "తెల్సు గదమ్మా. అందుకే అన్నిసార్లు నేర్పిచ్చినా. నిజమైతే వానికే తెల్సుంటాది గదా, నేర్పిచ్చే పనేముంది?" అంది.

ఐదేళ్ళప్పుడు విన్న మాటను అది మూడేళ్ళు మోసింది. తమ్ముడు తన కాళ్ళ మీద నిలబడగానే వాడి నెత్తికెత్తింది. నేను తిట్టి ఉంటే మర్చిపోయేదేమో. ఇది మాత్రం బడిలోకి పోయే దారి అనుకుని జాగ్రత్తగా దాచుకుంది. దాన్ని ఏమనాలి? దగ్గరికి తీసుకుని ఏడ్చాను. తను ఏం తప్పు చేసిందో తెలియక అది కూడా ఏడ్చింది.

అత్త కాళ్ళు పట్టుకున్నాను. మీ మరిది ముందరే జరిగిందంతా చెప్పాను. ఆయన నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు, అడిగే హక్కు కూడా నాకు లేదు. అత్త కాళ్ళు వెనక్కి లాక్కుని, "మోకాళ్ళు నొస్తాయి, వదులు" అంది. కండె చేతికి తీసుకుని, "నాకెందుకు చెప్తావు? యాడ చెప్పినావో ఆడ చెప్పు" అంది.

ఎల్లుండి ఇంటర్వ్యూ. అత్తను తీసుకుపోతున్నాను. అదే మేడమ్ అదే కుర్చీలో ఉంటుంది. ఈమె మా అత్త, మా ఇంట్లో కన్నడం మాట్లాడతాం, మూడేళ్ళ కింద నేను అబద్ధం చెప్పాను అని చెప్పాలి. సీటు ఇవ్వకపోతే పోనీ అని పైకి అంటున్నాను గానీ, ఇవ్వకపోతే ఏడుస్తానని నాకు తెలుసు.

మహేశుకు ఆ మాట మరిపించమని రమణిని బతిమాలాను. నా మాట వాడు ఇంకా నమ్మడు కదా. "నేర్చుకునేకి శానా దినాలు పట్టిందమ్మా, మర్చిపోయేకి కూడా పడ్తాది" అంది. పాపం కూర్చోబెట్టి చెబుతోంది, గుంటలో కాదు, గడప మీదే. అయినా మూడు రోజులైంది, వాడు కన్నడంలో ఎంత వాగినా అత్తను మాత్రం తెలుగులోనే పిలుస్తున్నాడు. ఇప్పుడు కూడా, నేను ఇది రాస్తుంటే, "పక్కింటామే, నీళ్ళు!" అని కేకేశాడు.

అత్త "బందె కందా", వచ్చినా బిడ్డా అని పలికి, మోకాళ్ళు పట్టుకుని లేచి పోయింది.

నీ లీల